తాళం లోపలి చేతులు

బయట తాళం వేసి ఉన్న షెడ్డులో జిగురు గిన్నె ఇంకా వెచ్చగా ఉంది.

పిచ్చుక చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తన అరచేతి వేడేనేమోనని బట్టకి తుడుచుకుని మళ్లీ ముట్టుకుంది. అనుమానం లేదు. ఈ పొద్దునే ఎవరో పొయ్యి వెలిగించారు.

నాన్న ఇదే నేల మీద ఛాతీ పట్టుకుని కూలబడిన రోజు నుంచి ఈ పొయ్యి వెలగలేదు. వెలగకూడదు. ఆసుపత్రి నుంచి ఆయన్ని తీసుకొచ్చిన సాయంత్రం బావ స్వయంగా తలుపు మూసి, తాళం బిగించి, వంటింటి పక్కన మేకుకి తాళంచెవి తగిలించి, ఇంట్లో ఒక్కొక్కరి చేతా మాట తీసుకున్నాడు. ఇక ఎవరూ ఆ గడప తొక్కకూడదు. ఒకరు లోపలికెళితే వాళ్ల వెనకే మావయ్యగారూ వెళతారు, వెళితే మనిషి దక్కడు అన్నాడు. అందరికంటే ముందు మాట ఇచ్చింది పిచ్చుకే.

ఇవాళ గోదాముల ఆసామి వస్తున్నాడు. షెడ్డు చూసి, నచ్చితే అక్కడికక్కడే బేరం ఖాయం చేసుకుని పోతాడు. అతను వచ్చేలోగా కాస్త ఊడ్చిపెట్టమని అమ్మ తాళంచెవి చేతిలో పెడితేనే తను వచ్చింది. చీపురు ఇంకా చంకలోనే ఉంది.

ఊడవడం ఒక వంక మాత్రమే. ఆసామి రాకముందే అందరి ఎదుటా నోరు విప్పాలని ఆమె మనసులో గట్టిగా అనుకుంది. అమ్మొద్దు, నాకివ్వండి, నేను నడుపుతాను అని. ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న పక్కన కూర్చుని విరిగిన కుర్చీలు అతికి, పేము అల్లిన చేతులివి. పుల్లలూ పీచులూ ఏరుకుంటూ తిరిగేదని చిన్నప్పుడు ఆయన పెట్టిన పేరే పిచ్చుక. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఇప్పుడీ గిన్నె వచ్చి దారికి అడ్డం పడింది. మాట తప్పిందని తననే అంటారు. అలాంటి మనిషి అడిగితే ఎవరు వింటారు?

అప్పుడు తగిలింది వాసన. పశువుల ఎముకల జిగురు మాడితే వచ్చే కొమ్ము వాసన. జిగురుని నేరుగా మంట మీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, ఆ నీళ్లలో జిగురు గిన్నె దింపి, ఆ వేడికే కరగనివ్వాలి. ఈ గిన్నె తిన్నగా మంట మీదికెక్కింది. అడుగంటి నల్లబడింది. నాన్న నిద్రలో కూడా ఇలా చెయ్యడు. తనూ చెయ్యదు.

"ఏంటే, దిష్టిబొమ్మలా నిలబడ్డావు? ఊడవడం మరిచిపోయావా?"

గుమ్మంలో అమ్మ. పిచ్చుక జవాబు చెప్పే లోపలే అమ్మ ముక్కు ఎగబీల్చింది. పొయ్యి చూసింది. గిన్నె చూసింది. చివరికి కూతుర్ని చూసింది.

"ఈ వాసనేంటి?" అంది గొంతు తగ్గించి.

అమ్మ వచ్చి గిన్నె మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

షెడ్డు కిటికీలోంచి చూస్తే వాకిలి, వాకిలి అవతల ముందు గది కనిపిస్తాయి. గదిలో నాన్న. మీట నొక్కితే కాళ్లు వాటంతటవే పైకి లేచే మెత్తటి కుర్చీలో, ఎదురుగా గాజు తొట్టెలో తిరుగుతున్న చేపల్ని చూస్తూ. కుర్చీ బావ కొనిచ్చిందే, తొట్టె కూడా బావ తెచ్చిందే. చేపలు మనసుకి ప్రశాంతత ఇస్తాయట.

"ఊళ్లో వాళ్లందర్నీ కూర్చోబెట్టిన మనిషి. ఇప్పుడు మనం ఆయన్ని కూర్చోబెట్టాం," అంది అమ్మ, ఎవరితోనో అన్నట్టు. మరుక్షణం ముఖం గట్టిపడింది. "అయితే మన కళ్లుగప్పి వస్తున్నారన్నమాట. నడు. ఇవాళ తేలిపోవాలి."

నాన్న కాదని చెప్పడానికి పిచ్చుక నోరు తెరిచింది. తెరిచి, మూసేసింది. నాన్న కాకపోతే ఈ ఇంట్లో జిగురు కాచేది ఇంకెవరు? వేలు తన వైపే తిరుగుతుంది.

*

విచారణ ముందు గదిలో మొదలైంది. మేడమీద వాటాలోంచి అక్కా బావా దిగొచ్చారు.

బావకి పిచ్చుక చాటుగా పెట్టిన పేరు తీరికదొర. లారీల వ్యాపారం నిండుగా నడుస్తున్నప్పుడే మంచి ధరకి అమ్మేసి, ఇక జన్మలో పని చెయ్యనని ప్రకటించిన మనిషి. మనిషి సంపాదించేదే విశ్రాంతి కోసం అని ఆయన సిద్ధాంతం. వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ అది బోధించేవాడు. ఆ బోధని ఆచరణలో పెట్టడానికి ఇంట్లో ఆయనకి దొరికిన మొదటి శిష్యుడు, ఛాతీ నొప్పి పుణ్యమా అని, మావగారు.

అమ్మ డొంకతిరుగుడు ఎరగదు. తిన్నగా నాన్న ఎదుట నిలబడి, చేపలకి అడ్డంగా, షెడ్డులోకి వెళుతున్నారా అని అడిగింది.

నాన్న కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఏమిటి అడుగుతోందో అర్థం కావడానికి అంత సేపు పట్టింది. ఈ మధ్య ఏ మాటా ఆయనకి వెంటనే చేరడం లేదు.

"లేదు," అన్నాడు. కొంచెం ఆగి, "వెళ్లి ఉంటే బాగుండేది," అన్నాడు.

అమ్మ పక్కకి తప్పుకుంది. చేపలు మళ్లీ ఆయన కళ్ల ముందుకొచ్చాయి.

అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పినా అంత దిగులుగా చెప్పడు. అందరికీ తెలుసు. అందుకే అక్క చూపు నెమ్మదిగా గది చుట్టూ తిరిగి చెల్లెలి మీద వాలింది.

"నువ్వా?"

"నేను కాదు."

"మరి గిన్నెకి కాళ్లొచ్చి పొయ్యెక్కిందా?"

"నాకు తెలీదక్కా."

అక్క గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. నాన్న పడిపోయిన రోజు పక్కనే ఉన్నది నువ్వు, అందరికంటే నీకే ఎక్కువ భయం ఉండాలి అంది. షెడ్డు అమ్మకం నీకు ఇష్టం లేదని నాకు తెలుసు అంది. ఇష్టం లేకపోతే ఎదురుగా నిలబడి చెప్పాలి గాని, ఇచ్చిన మాట మింగేసి దొంగతనంగా పొయ్యి రాజేస్తావా అంది. ఆ వాసన పట్టుకుని ఆయన ఒక్కరోజు లేచి వెళితే, వెళ్లి ఒక్క పెద్ద చెక్క ఎత్తితే, అని మొదలుపెట్టి మాట పూర్తి చెయ్యలేకపోయింది. కళ్లు తుడుచుకుంది.

పిచ్చుకకి కోపం రావలసింది. రాలేదు. అక్క భయం నిజం. ఆసుపత్రి వరండాలో ఆ రాత్రి ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు.

"నాన్న ఇప్పుడు పడిపోవడం లేదక్కా," అంది మెల్లిగా. "కూర్చున్నచోటే కరిగిపోతున్నాడు. అది నీకు కనిపించడం లేదు."

"డాక్టరు చెప్పింది చేస్తున్నాం."

"చేస్తున్నాం. చేసినకొద్దీ తగ్గిపోతున్నాడు."

ఆయన గురించే మాట్లాడుకుంటున్నా ఆయన వినడం లేదు. కుర్చీ చేతి మీద ఆయన బొటనవేలు ముందుకీ వెనక్కీ కదులుతోంది. లేని గరుకుని నునుపు చేస్తోంది. ఎన్నాళ్ల నుంచో అలాగే కదుపుతున్నాడు. అక్కడ రంగు వెలిసిపోయింది కూడా.

అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు.

"పోనివ్వండి. జరిగిందేదో జరిగింది. ఎలాగూ ఇవాళ అమ్మేస్తున్నాం. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని ఇప్పుడు తవ్వుకోవడం దేనికి?"

అమ్మ వింతగా చూసింది. పిచ్చుక కూడా. ఇంట్లో చెంచా కనిపించకపోతే ఒక్కొక్కర్నీ పిలిచి వాంగ్మూలం తీసుకునే మనిషి. తాళం ఆయనదే, నియమం ఆయనదే, మాట తీసుకున్నదీ ఆయనే. అలాంటిది పోనివ్వమంటున్నాడు.

"పోనివ్వడమేంటి అల్లుడుగారూ," అంది అమ్మ. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తీరిక లేదేమో. నాకుంది. ఇదిగో పిచ్చుకా, షెడ్డులో ఆ మూల దుప్పటి కప్పి ఏదో ఉంది, చూశావా నువ్వు?"

చూళ్లేదంది పిచ్చుక. నిజానికి చూసింది. దుప్పటి ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

"పట్టుకురా."

"అత్తయ్యా, ఆసామి వచ్చే వేళయింది," అన్నాడు బావ.

"వస్తే కూర్చుంటాడు. కుర్చీల ఇంట్లో కూర్చోడానికి కరువా?"

*

దుప్పటి కింద ఉన్నది వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ కుర్చీ. నాన్న పడిపోయిన రోజు ఆయన చేతిలో ఉన్న పని అదే. అప్పటి నుంచీ ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని మిషను తొక్కుతోంది. ఎదురుపడినప్పుడల్లా నడుము పట్టుకుని, నాన్న ఎలా ఉన్నారని మాత్రం అడిగేది. కుర్చీ మాట ఎత్తేది కాదు. ఎత్తకపోవడమే పిచ్చుకకి గుచ్చుకునేది.

ఆ కుర్చీ కాలు ఒకటి అతుకు వదిలేసి ఉండేది. ఇప్పుడు గట్టిగా అతికి ఉంది. అతుకు చుట్టూ కారిన జిగురు ఎవరూ తుడవక గడ్డలు కట్టింది. కూర్చునే చోట పేము అల్లిక సగంలో ఆగిపోయి ఉండాలి. ఇప్పుడు ఒక్క మూల తప్ప అంతా నిండింది.

పిచ్చుక దాన్ని తెచ్చి గది మధ్యలో పెట్టింది.

నాన్న తల తిప్పాడు.

తర్వాత జరిగింది అక్క చాలాసేపు నమ్మలేదు. ఆయన మీట నొక్కలేదు. కాళ్లు దించమని ఎవర్నీ అడగలేదు. రెండు చేతులూ ఊని, తనంత తాను లేచి నిలబడ్డాడు. అక్క పట్టుకోబోయింది. అమ్మ కళ్లతోనే ఆపింది.

ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు. అల్లిక మీద అరచెయ్యి వేశాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్లు ఒక వరస వెంట వెళ్లాయి, ఆగాయి, వెనక్కొచ్చాయి. ఇంకో వరస. కనుబొమలు దగ్గరయ్యాయి. ఇన్నాళ్ల తర్వాత ఆయన ముఖంలో ఒక ప్రశ్న కనిపించింది. ఆ ప్రశ్నని చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది పిచ్చుక చెయ్యి కాదు," అన్నాడు.

అక్క ఎలా తెలుసని అడిగింది. ఆయన కళ్లు తెరవకుండానే చెప్పాడు, చాలా రోజుల తర్వాత పొడుగ్గా. పిచ్చుక తన పక్కన కూర్చుని నేర్చుకుంది. తను ఎటు నుంచి ఎటు అల్లితే అదీ అలాగే అల్లుతుంది. ఏటవాలు పేము వెనక కుడి మూలలో మొదలై ముందు ఎడమకి రావాలి, అది ఈ షెడ్డు పద్ధతి. తను పడిపోయేనాటికి నిలువూ అడ్డం అయ్యాయి, ఏటవాలు మొదలవ్వలేదు. దీన్ని అల్లినవాళ్లు వెనక ఎడమలో మొదలుపెట్టారు. మొదటి నుంచి చివరి దాకా అలాగే.

"తప్పుగా అల్లారా?" అంది అమ్మ.

"తప్పు కాదు. తిరగబడింది. అద్దంలో చూసి అల్లినట్టుంది." వేలితో ఒకచోట నొక్కి చూశాడు. "కొత్త చెయ్యి. ఎన్నోసార్లు విప్పి అల్లింది. ఇక్కడ చూడు, పేము నలిగింది. విప్పింది, మళ్లీ అల్లింది. కానీ వదల్లేదు."

ఆయన నవ్వాడు. చిన్న నవ్వే. గదిలో అందరికీ వినిపించింది.

"ఎవరో గాని, మొండిఘటం," అన్నాడు.

పిచ్చుక ఆ మాట వినలేదు. అద్దం అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

పక్కన కూర్చుని చూస్తే చేతులు నాన్న చేతుల్లాగే కదులుతాయి. ఎదురుగా కూర్చుని చూస్తే? ఆయన కుడి మనకి ఎడమ. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాడికి పని మొత్తం తిరగబడి వస్తుంది, అది తిరగబడిందని తెలియను కూడా తెలియదు.

నాన్న పని బల్లకి ఎదురుగా ఒక బల్లపీట ఉండేది. కుర్చీలు తెచ్చినవాళ్లు దాని మీద ఒక నిమిషం కూర్చుని వెళ్లేవాళ్లు. పూటలకి పూటలు కూర్చున్న మనిషి ఒక్కడే. వ్యాపారం అమ్మేసిన కొత్తలో, పొద్దున్నే పేపరు పట్టుకుని వచ్చి, ఎందుకు మావయ్యగారూ ఇంకా ఈ కష్టం, హాయిగా కూర్చోక అని బోధిస్తూ, భోజనాల దాకా కదిలేవాడు కాదు. కళ్లు పేపరు మీద ఉన్నాయనే అనుకుంది ఇన్నాళ్లూ.

పిచ్చుక తల తిప్పి చూసింది.

బావ రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. మేడ దిగినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. ఆమె చూపు తన జేబుల దగ్గర ఆగడం ఆయన గమనించాడు. గదిలో గాలి ఆడటం లేదని గొణిగి, వంటింటి వైపు వెళ్లిపోయాడు.

*

పిచ్చుక వెనకే వెళ్లేసరికి, చేతులు కడుక్కునే చోట బావ అటు తిరిగి నిలబడి ఉన్నాడు. కుళాయి ధారగా పడుతోంది. కడుక్కోవడం లేదు, వేళ్లు నీళ్ల కింద పెట్టి ఊరుకున్నాడు. వేళ్ల కొసలన్నీ సన్నగా కోసుకుపోయి ఉన్నాయి. పాతవి మానుతున్నాయి, కొత్తవి ఎర్రగా ఉన్నాయి.

ఒక్క కేక వేస్తే చాలు. అక్క వస్తుంది, అమ్మ వస్తుంది, తన మీద పడిన నింద అక్కడికక్కడే కడుక్కుపోతుంది. ఆ కేక పిచ్చుక గొంతు దాకా వచ్చింది కూడా.

ఆ వేళ్లని చూస్తుంటే ఆగిపోయింది. మొదటి ఏడాది తన వేళ్లూ ఇలాగే ఉండేవి. అన్నం కలుపుకుంటే మండేవి. ఆ మంట ఎవరికీ చెప్పేది కాదు. చెబితే మానెయ్యమంటారని.

"పేముని నానబెట్టి అల్లాలి బావగారూ," అంది. "పొడిది కత్తితో సమానం. వేళ్లు మిగలవు."

ఆయన తిరగలేదు. భుజాలు మాత్రం కొంచెం కిందికి దిగాయి. కుళాయి చప్పుడులో సగం కలిసిపోతూ, "నానబెట్టాలా?" అన్నాడు. ఇన్నాళ్లూ అడగడానికి మనిషి లేక దాచుకున్న ప్రశ్నలా ఉంది అది.

"గోరువెచ్చటి నీళ్లలో. జిగురు గిన్నె మాత్రం మంట మీద పెట్టకండి. నీళ్ల గిన్నెలో పెట్టండి."

"అందుకేనా మాడుతోంది?"

"అందుకే."

పిచ్చుక ఇక అడగదలచుకున్నది ఒక్కటే.

"చేస్తున్న పని అంత ఇష్టమైతే, అమ్ముతున్నారెందుకు?"

బావ కుళాయి కట్టేశాడు. జవాబు చెప్పడానికే తిరిగాడు. ఆయన కళ్లలో ఉన్నది దొరికిపోయిన సిగ్గు ఒక్కటే కాదు. దాని వెనక ఇంకేదో ఉంది. దానికి పిచ్చుక దగ్గర పేరు లేదు.

అప్పుడు వీధి గేటు దగ్గర కారు హారను మోగింది.

*

అమ్మ తలుపు తియ్యమంది. పిచ్చుక వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. తలుపు అవతల చెప్పుల చప్పుడు, ఆసామి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్న గొంతు. ఈ గడియ తీస్తే షెడ్డు పోయినట్టే. పొద్దుట నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ గుర్తుచేసుకుంది. ఒక్కటీ వరసలో నిలబడలేదు.

నాన్న ఇంకా కుర్చీ ముందు నేల మీదే ఉన్నాడు. అల్లకుండా వదిలేసిన ఆ ఒక్క మూలలో ఆయన వేలు పేము కొసని పట్టుకుని ఉంది. లాగడం లేదు. వదలడం లేదు. అక్క ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, లేవండి నాన్నా, వద్దు నాన్నా అంటోంది.

"నేను ముట్టుకోనులే," అన్నాడాయన. "అల్లినవాళ్లే వచ్చి ఈ మూల పూర్తి చెయ్యమను. నేను చూస్తూ కూర్చుంటాను. అది కూడా వద్దంటారా?"

అక్క తలెత్తి అమ్మ వైపు చూసింది.

తలుపు తట్టారు.

"తియ్యకు పిచ్చుకా," అన్నాడు బావ.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులు జేబుల్లో లేవు. తడిగా, కోసుకుపోయి, పక్కలకి వేలాడుతున్నాయి. అక్క ఆ చేతుల్ని చూసింది, కుర్చీని చూసింది, మొగుడి ముఖం చూసింది. ఏవండీ, అంది.

బావ నాన్న ఎదుటికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. సరిగ్గా ఎదురుగా, కుర్చీ మధ్యలో ఉంచి.

"షెడ్డు తాళం తీసింది నేను మావయ్యగారూ. మీరు పొద్దున నడకకి వెళ్లినప్పుడు, అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడు. మొదటిరోజు అమ్మకానికి ఏమేం ఉన్నాయో చూద్దామనే వెళ్లాను. అది నిజం. ఈ కుర్చీకి ఒక పేము కొస వేలాడుతూ ఉంది. ఊరికే లోపలికి దూర్చాను. అంతే. తలెత్తేసరికి టిఫినుకి పిలుస్తున్నారు. లారీలు అమ్మేశాక నాకు తెలియకుండా గడిచిన మొదటి గంట అది.

"హాయిగా ఉన్నానని అందరికీ చెప్పాను. మీకు మరీ ఎక్కువ చెప్పాను. మొదట్లో నిజంగానే హాయిగా ఉంది, నిద్రపోయాను. తర్వాత రోజూ పొద్దున్నే లేచి ఈ రోజుని ఏం చెయ్యాలా అని చూసుకోవడం మొదలైంది. నా లారీల మీద ఎక్కించిన ఏ సరుకూ అంత బరువు లేదు. ఇదివరకు ఫోను మోగితే తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు మోగదు. పాడైందేమోనని నేనే తీసి చూసుకుంటాను."

తలుపు మళ్లీ తట్టారు. ఎవరూ అటు చూడలేదు.

"మీరు పడిపోయినప్పుడు భయపడ్డాను, అందులో అబద్ధం లేదు. కానీ మీకు కుర్చీ కొన్నప్పుడు, చేపలు తెచ్చినప్పుడు, నా కోసం కూడా తెచ్చుకున్నాను. మీరు కూడా ఖాళీగా కూర్చుని బాగుంటే, నేను చేసింది సరైన పనే అని నమ్మొచ్చు. మీరు బాగుండలేదు. రోజూ చూస్తూనే ఉన్నాను. చూసి కూడా ఒప్పుకోలేకపోయాను. షెడ్డే లేకపోతే మీకూ నాకూ అటు చూసే పని ఉండదని ఈ ఆసామిని వెతికి తెచ్చాను. తెచ్చి, మళ్లీ పొద్దున్నే వెళ్లి జిగురు కాచాను. దీన్నేమనాలో నాకు తెలీదు.

"మరదల్ని మీరంతా నిలదీస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. అది తప్పు. కానీ తాళం తియ్యడం, ఆ తప్పు, ఇవన్నీ చిన్నవి."

నాన్న ఆయన్నే చూస్తున్నాడు. పేము కొస ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

"రెండోసారి చూపించుకోడానికి వెళ్లినప్పుడు మీరు బయట బల్ల మీద కూర్చున్నారు. డాక్టరు నన్నొక్కణ్నే లోపలికి పిలిచాడు. వచ్చి మీ అందరికీ ఏం చెప్పానో గుర్తుందిగా. ఇక ఈ జన్మకి పని ముట్టుకోకూడదన్నాడని చెప్పాను. ఆయన అలా అనలేదు మావయ్యగారూ. బరువులు ఎత్తొద్దన్నాడు. కూర్చుని చేసుకునే పనైతే రేపటి నుంచే మొదలుపెట్టమనండి, అది లేకే ఈయన నీరసిస్తున్నాడు అన్నాడు. మీకు చెప్పమని రెండుసార్లు చెప్పాడు. ఇన్నాళ్లూ ఆ మాట నా దగ్గరే ఉంది."